మనిషిని మంచిగానే పంపారు, ఒప్పందం మాత్రం మార్చాలి

తుంటి ఎముక విరిగి మా అమ్మకు ఆపరేషన్ అయ్యాక, రాత్రింబగళ్లు ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషి కోసం హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి వెళ్లాం. ఇలాంటి షరతులు మిగతాచోట్లా ఉన్నాయని విన్నాను కాబట్టి పేరు రాయడం లేదు.

మనిషిని ఎంచి పంపడంలో వాళ్లకు వంక పెట్టలేను. అడిగిన మర్నాడే ఆవిడ వచ్చారు. గోదావరి జిల్లా, నలభై దాటిన వయసు. నొప్పి తెలియకుండా ఒత్తిగిలించడం, వీపున పుండ్లు పడకుండా చూడడం, మంచం మీదే ఒళ్లు తుడిచి దుప్పటి మార్చడం, అన్నిటిలోనూ చేయి తిరిగినవారు. పరాయివాళ్లు ముట్టుకుంటే ముడుచుకుపోయే మా అమ్మ ఆవిడ చేత అన్నం తినిపించుకుంది.

నా పేచీ అంతా ఒప్పంద పత్రంతోనే. మొదటి 7 రోజులు ట్రయల్ అట. నచ్చితే ఆ రోజులకూ జీతం లెక్క కడతారు, నచ్చకపోతే రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. 3 నెలల్లోపు ఎప్పుడడిగినా మనిషిని మార్చి పంపుతారు. మిక్సీ వారంటీ కార్డులో ఉండాల్సిన మాటలు అవి. ఆవిడకు మేం నచ్చకపోతే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు.

అసలు ఏ కొత్త ఇంట్లోనైనా మొదటి వారమే అన్నిటికంటే కష్టం. ఏ మందు ఎప్పుడు వేయాలో, అమ్మ ఏ పక్కకు తిరిగితే మూలుగుతుందో, అర్ధరాత్రి పిలుపు దాహానికో బాత్రూముకో ఆవిడ తెలుసుకోవాల్సింది ఆ రోజుల్లోనే. నిద్ర ఉండదు. ఆ వారం చాకిరీని ఉచితం చేయడం అన్యాయం.

పరీక్షాకాలం వద్దని నేను అనను. మంచంలో ఉన్న పెద్దావిడను అప్పగించేటప్పుడు ఒకరినొకరు చూసుకునే వ్యవధి కావాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి కోసం చేసిన 189వ ఒడంబడికలో కూడా ఆ మాట ఉంది. ట్రయల్ ఉంటే అది ఎంతకాలమో, జీతం, సెలవులు, తిండి, వసతి ఎలాగో పనివారికి అర్థమయ్యేలా ముందే చెప్పాలి. వారానికి ఒకసారి 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలి. మన దేశం దానికి ఓటు వేసింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సివచ్చింది.

అందుకే ఆ కాగితం మీదే పెన్నుతో మార్పులు రాయించాం. మొదటి రోజు నుంచే రోజుకూలీ లెక్కన జీతం. వద్దనుకునే హక్కు ఇద్దరికీ ఉంటుంది, మేం వద్దంటే కారణం ఆవిడ ముఖం మీదే చెప్పాలి, ఊరికి బస్సు ఛార్జీ ఇవ్వాలి. అమ్మ పనులు తప్ప ఇంటిల్లిపాది అంట్లు, బట్టలు ఆవిడవి కావు. ఆదివారం సెలవు, ఆ రోజు అమ్మను నేను చూసుకుంటాను. "ఇలా అలవాటు చేస్తే మిగతావాళ్లూ అడుగుతారు మేడమ్" అన్నాడు మేనేజరు. అడగాలనే నా కోరిక అని చెప్పాను. కాసేపు నసిగి సంతకం పెట్టాడు.

తర్వాత తెలిసింది, ఆవిడ అసలు ఆధార్ కార్డు వాళ్ల బీరువాలో ఉందని. మధ్యలో వెళ్లిపోకుండా అట! కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల పాస్‌పోర్టులు యజమానులు దాచుకున్నారని వింటే మనకు రక్తం మరుగుతుంది. అలా దాచడాన్ని ఆ దేశం 2015 చట్టంలో కట్టడి చేసింది. మరి ఇక్కడ చేస్తే ఏమనాలి? జిరాక్సు చాలని గట్టిగా పట్టుబడితే కార్డు తిరిగి ఇచ్చారు.

లొంగనిది ఒక్క విషయంలోనే. మా దగ్గర నెల జీతమంత కమీషన్ తీసుకుని, ఆవిడ మొదటి జీతంలోనూ సగం కోశారు. ఎంత వాదించినా వినలేదు. ఆ సగం మేం ఇచ్చాం గానీ, ఇవ్వలేని ఇళ్లలో కుదిరిన ఆడవాళ్ల సంగతేమిటి?

మనిషి ఎంపికకు ఐదుకు ఐదు మార్కులు, షరతులకు ఒకటి. వెళ్లేవాళ్లు సంతకం పెట్టేముందు ట్రయల్ రోజుల జీతం, కోత ఎంత, ఆధార్ ఎవరి దగ్గర ఉంది అన్న మూడూ పనికి వచ్చే మనిషి ఎదుటే అడగండి.