పాత కంప్యూటర్ ఎవరికివ్వాలి? తుక్కు కొట్టు, ఎక్స్ఛేంజ్, రీసైక్లర్‌లలో ఏది మేలు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాంతో గుంటూరు అరండల్‌పేటలోని మా టాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసులో ఆరు కంప్యూటర్లు మార్చాల్సి వచ్చింది. 2016లో కొన్నవి, విండోస్ 11 అడిగే ప్రాసెసర్ వాటిలో లేదు. పాతవాటిని ఏం చేశారని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. బ్రాడీపేట ఆడిటర్లు, కొత్తపేటలో క్లినిక్ నడిపే డాక్టరుగారు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు రాసే గుమస్తా, అందరిదీ ఒకటే ప్రశ్న. తుక్కు కొట్టుకి వేసేద్దామా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామా, రీసైక్లర్లని ఎవరో ఉన్నారంటున్నారు, వాళ్లని పిలుద్దామా?

నా లెక్కలో ఎవరికివ్వాలన్నది రెండో ప్రశ్న. లోపల మన ఫైళ్లన్నీ ఉండే డిస్కు ఎవరి చేతికి పోతుందన్నది మొదటిది. అది తేలకుండా మిగతావి పోల్చి లాభం లేదు.

మూడేళ్ల క్రితం మా అమ్మాయి చదువుకని విజయవాడలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. ఒకరోజు తను ప్రాజెక్టు ఫైలు పొరపాటున డిలీట్ చేసుకుంది. ఏడుపు మొహంతో కూర్చుంటే చూడలేక, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి రాత్రంతా స్కాన్ చేయించాను. తెల్లారేసరికి తన ఫైలు దొరికింది. దాంతోపాటు ముక్కూమొహం తెలియనివాళ్ల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఒక ఇంటి అమ్మకం దస్తావేజు, ఎవరింట్లోనో చంటిబిడ్డ అన్నప్రాశన ఫొటోలు బయటికొచ్చాయి. ఆ దస్తావేజులో సంతకాలు, వేలిముద్రలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాకు చెమటలు పట్టాయి. మా ఆఫీసు డిస్కుల్లో అలాంటి కాగితాలు కొన్ని వందల మందివి ఉంటాయి. అంతకుముందు రెండుసార్లు నేను కూడా ఫార్మాట్ చేసి అమ్మేశాను మరి. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో ఈరోజుకీ తెలియదు.

క్విక్ ఫార్మాట్ చేస్తే పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే. దాని మీద ఇంకోటి రాసేదాకా అసలు సమాచారం అలాగే ఉంటుంది. తిరిగే ప్లేట్లున్న హార్డ్ డిస్కుకైతే మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి సున్నాలు రాయిస్తే చాలు. ఏడుసార్లు, ముప్పై ఐదుసార్లు తుడవాలన్న పాత మాట ఈనాటి డిస్కులకి అక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవును పూర్తిగా శుభ్రం చేసే ఆప్షన్ ఉంటుంది. అది ఎంచుకుని సాయంత్రం ఆన్‌లో వదిలేసి వెళ్లండి, గంటలు పడుతుంది. ప్లేట్లు లేకుండా చిప్పుల్లోనే ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ సంగతి వేరు. రాసినచోటే మళ్లీ రాయకుండా అది లోపల చోట్లు మార్చుకుంటూ పోతుంది కాబట్టి, పైన ఎన్ని సున్నాలు రాసినా పాత ముక్కలు కొన్ని మిగలొచ్చు. దానికి ఆ ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడాలి. కొత్త కంప్యూటర్లలో మేం మొదటి రోజే బిట్‌లాకర్ ఆన్ చేశాం, అంటే డిస్కులోని సమాచారానికంతా తాళం వేసే విండోస్ సదుపాయం. రేపు వీటిని తీసేసేటప్పుడు ఆ తాళంచెవి చెరిపేస్తే, లోపల మిగిలింది ఎవరూ చదవలేరు.

తుడిచే ముందు ట్యాలీ డేటా బ్యాకప్ తీసుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

ఆన్ కాని డిస్కుతోనే అన్నిటికన్నా ప్రమాదం. తుడుద్దామంటే మనకి వీలుపడదు, పని తెలిసినవాడు మాత్రం రిపేరు చేసి చదవగలడు. దాన్ని పగలగొట్టాల్సిందే. మా ఆరింటిలో రెండు అలాంటివి. డ్రిల్లింగ్ పని చేసే అబ్బాయిని పిలిపించి, ప్లేట్ల గుండా నాలుగేసి రంధ్రాలు వేయించాం. లాప్‌టాప్ డిస్కుల్లో ప్లేట్లు చాలావాటికి గాజువే, పెంకులుగా చిట్లుతాయి కాబట్టి కళ్లకి అద్దాలు లేకుండా ఎవరినీ ఆ పనికి కూర్చోబెట్టకండి. ఎస్ఎస్‌డీ అయితే పైపెట్టె పగిలితే సరిపోదు, లోపలి చిప్పులు ఒక్కొక్కటీ పగలాలి.

ఇక ఎవరికివ్వాలి? సుఖం కావాలంటే తుక్కు కొట్టే. ఫోన్ చేస్తే వచ్చి, కాటా వేసి, చేతిలో డబ్బు పెట్టి పోతారు. మా దగ్గరికొచ్చినాయన సీపీయూ మూత తీసి చూసి, "డిస్కు కూడా ఉంచితే ఒక్కోదానికి ఇంకో నూట యాభై వేస్తాను సార్" అన్నాడు. దాపరికం లేకుండా చెప్పాడు, ఆయన్ని తప్పుపట్టను. కానీ తూకానికైతే ఆ డిస్కు అర కిలో ఉంటుంది. అర కిలో తుక్కుకి అంత ధర ఎవరిస్తారు? పనిచేసే డిస్కుగా మళ్లీ అమ్ముడవుతోందనే కదా అర్థం. ఇంకో బాధ కూడా ఉంది. ఇలా చేతులు మారిన సరుకులో రాగి కోసం వైర్లు తగలబెడతారు, ఆ ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. బోర్డుల మీది బంగారం కోసం యాసిడ్‌లో ముంచి, ఆ నీళ్లు కాలువలో పోస్తారు. పాత టీవీలాంటి మానిటర్ గాజులో సీసం ఉంటుంది. ఆ పొగ పీల్చేది, ఆ గాజు పగలగొట్టేది రోజుకూలీ మనుషులు. నాకొచ్చే ఐదారు వందల కోసం వాళ్ల ఊపిరితిత్తులు పాడవడం నాకు ఇష్టం లేదు.

ఎక్స్ఛేంజ్‌లో డబ్బు కాస్త ఎక్కువ, శ్రమ తక్కువ. షాపువాళ్లు దాన్ని తర్వాత ఎవరికి అమ్ముతారో మనకి తెలియదు. డిస్కు తీసేసి ఇస్తే అభ్యంతరం లేదు. స్కూలుకి ఇద్దామంటే మంచిదే, కానీ కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి, పనిచేస్తుందని చూశాకే ఇవ్వాలి. లేకపోతే మన చెత్త హెడ్‌మాస్టరుగారి గదిలోకి మారుతుంది, అంతే.

నేను రీసైక్లర్‌వైపే మొగ్గాను. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం రీసైక్లర్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో రిజిస్టర్ అయి ఉండాలి. చాలామంది పొరబడేది కలెక్షన్ సెంటర్ అన్న బోర్డు చూసి. ఈ నిబంధనల్లో కలెక్షన్ సెంటర్లకి విడిగా రిజిస్ట్రేషన్ లేదు. అందుకే "మీరు తీసుకెళ్లి ఏ రీసైక్లర్‌కి ఇస్తారు, ఆ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి" అని అడిగి, పోర్టల్లో సరిచూసుకోవాలి. నీళ్లు నమిలితే వదిలేయండి. రీసైకిల్ చేశామని కంప్యూటర్ల సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. ఇతరుల సమాచారం కాపాడే బాధ్యత సేకరించినవాళ్లదేనని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది, అందులో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. రేపు ఎవరైనా అడిగితే మన చేతిలో కాగితం ఉండాలి.

దీంట్లో ఇబ్బందులు లేకపోలేదు. డబ్బు పెద్దగా రాదు. ఒక్క కంప్యూటర్ కోసం గుంటూరు దాకా బండి ఎవరూ పంపరు. మేం మా బిల్డింగులోని మిగతా ఆఫీసులని కూడా కలుపుకుంటే పంతొమ్మిది పోగయ్యాయి, అప్పుడొచ్చారు. మూడు వారాలు పట్టింది. అయినా డిస్కులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే నమ్మి ఇవ్వలేదు. తుడిచినవీ, పగిలినవీ లెక్కపెట్టి, అప్పుడు ఎక్కించాను. ఇంట్లో ఒక్కటే ఉన్నవాళ్లు అపార్ట్‌మెంటులో నలుగురిని కలుపుకోవచ్చు, లేదా ఆ కంప్యూటర్ కంపెనీ ఇండియా వెబ్‌సైట్‌లో ఈ-వేస్ట్ పేజీ చూడొచ్చు. యూపీఎస్ బ్యాటరీ దీంట్లో కలపకండి. కొత్తది కొనేటప్పుడు బ్యాటరీ షాపులోనే ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఉబ్బిన లాప్‌టాప్ బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చేయొద్దు, అంటుకుంటుంది.

మొన్న డాక్టరుగారు ఫోన్ చేశారు. "డిస్కులన్నీ తీయించానండి, జిరాక్స్ మిషన్ ఒక్కటే ఎక్స్ఛేంజ్‌లో రేపు పోతోంది" అన్నారు. ఆపమన్నాను. ఆఫీసుల్లో వాడే పెద్ద జిరాక్స్ మిషన్లలో చాలావాటికి హార్డ్ డిస్కు ఉంటుంది, కాపీ తీసిన రిపోర్టులు దాంట్లో ఉండిపోవచ్చు. సోమవారం మెకానిక్‌ని పిలిపించి తెరిపిస్తానన్నారు.