ఈగను ఆపాలా, పురుగును ఆపాలా? రివర్ బ్లైండ్‌నెస్‌కు ఏది మేలు

జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రధాన కార్యాలయం దగ్గర ఒక విగ్రహం ఉంది. ఒక పిల్లవాడు కర్ర కొస పట్టుకుని ముందు నడుస్తుంటాడు, రెండో కొస పట్టుకుని చూపులేని పెద్దాయన వెనకాల వస్తుంటాడు. పశ్చిమ ఆఫ్రికా నదుల ఒడ్డున ఉన్న ఊళ్లలో యాభై ఏళ్ల క్రితం ఇది రోజూ కనిపించే దృశ్యం. కారణం రివర్ బ్లైండ్‌నెస్, అంటే ఏటి ఒడ్డున ఈగ కాటుతో ఒంట్లోకి పురుగులు చేరి చూపు పోగొట్టే జబ్బు. తాతను నడిపించే పిల్లవాడికి బడి ఉండేది కాదు.

రాళ్ల మీద నురగలు కక్కుతూ ఉరికే నీళ్లలో సిమూలియం అనే చిన్న నల్ల ఈగ పెరుగుతుంది. అది పగటిపూట కుడుతుంది. దాని ద్వారా ఒంట్లోకి చేరే పురుగులు చర్మం కింద గడ్డలు కట్టి 10 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు చర్మమంతా పాకి, నిద్ర పట్టనివ్వని దురద పుట్టిస్తాయి. కంటికి చేరినవి అక్కడ చచ్చి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చూపును తినేస్తాయి. రోగుల్లో 99 శాతం మందికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నారు.

దీన్ని రెండు చోట్ల అడ్డుకోవచ్చు: ఏటిలో ఈగను, ఒంట్లో పురుగును. ఏది మేలు అన్నదానికి నా కొలత ఒక్కటే. పెద్ద పురుగు బతికినన్నాళ్లూ, అంటే పదిహేనేళ్లు, ఆ ఊరివాళ్లు విసుగు లేకుండా కొనసాగించగలిగేది ఏది?

మొదట ఈగ సంగతి. 1974లో పశ్చిమ ఆఫ్రికాలో ఏడు దేశాలతో మొదలై తర్వాత 11 దేశాలకు పెరిగిన కార్యక్రమం ఇదే దారి పట్టింది. హెలికాప్టర్లు, చిన్న విమానాలు వారం వారం నదుల మీద ఎగురుతూ ఈగ పిల్లల్ని చంపే మందు చల్లేవి. అప్పటికి ఊరందరికీ ఇవ్వదగిన మాత్ర లేదు కాబట్టి వేరే దారీ లేదు. 2002లో అది ముగిసేసరికి సుమారు ఆరు లక్షల మందికి చూపు నిలబడింది. ఈగలకు భయపడి జనం వదిలేసిన రెండున్నర కోట్ల హెక్టార్ల సాగుభూమి మళ్లీ మనుషుల చేతికి వచ్చింది. రైతు కుటుంబంలో పుట్టినవాళ్లకు ఈ రెండో లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు. ఏటి పక్క నల్లరేగడి వదులుకుని మెట్టకు ఎక్కడమంటే ఏమిటో మనకు తెలుసు.

కానీ ఈగకు సరిహద్దులు లేవు. గాలివాటున వందల కిలోమీటర్లు వచ్చి, శుభ్రం చేసిన చోటే మళ్లీ వాలేది. మందుకూ అలవాటు పడింది. దాంతో రకరకాల మందులు మార్చి మార్చి చల్లాల్సి వచ్చింది. విమానం ఆగితే పని ఆగినట్టే. పైగా ఆ పని మొత్తం ఊరి చేతుల్లో లేదు, బయటివాళ్ల చేతుల్లో ఉంది.

ఇక మాత్ర. కరోనా రోజుల్లో మన మందుల షాపుల్లో మారుమోగిన ఐవర్‌మెక్టిన్ అసలు మేలు చేసింది ఇక్కడ. దాన్ని కనిపెట్టినందుకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. మెర్క్ కంపెనీ 1987 నుంచి దీన్ని ఈ జబ్బుకు ఉచితంగా ఇస్తోంది. ఆఫ్రికా ఊళ్లలో పంచేవాళ్లను ఊరే ఎంచుకుంటుంది. తూకం మెషీన్ అక్కర్లేదు, గీతలు గీసిన కర్ర పక్కన మనిషిని నిలబెట్టి, ఎత్తును బట్టి ఒకటి నుంచి నాలుగు మాత్రలు ఇస్తారు. 90 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. నన్ను అడిగితే ఆ కర్రే ఈ కథలో గొప్ప పరికరం.

చిక్కు ఏమిటంటే, ఈ మాత్ర పిల్లపురుగుల్ని చంపుతుంది గానీ పెద్దవాటిని చంపదు. కొన్ని నెలలకు అవి మళ్లీ కనడం మొదలుపెడతాయి. అందుకే ఏడాదికి ఒకసారా, రెండుసార్లా అన్న ప్రశ్న వస్తుంది. ఒకసారి ఇస్తే ఖర్చు, శ్రమ తక్కువ. దురద తగ్గుతుంది, చూపు నిలుస్తుంది. కానీ ఈగలు ఎక్కువగా ఉన్నచోట ఆ మధ్య నెలల్లో జబ్బు మళ్లీ ఈగకెక్కుతుంది. లాటిన్ అమెరికాలో మొదటినుంచీ రెండుసార్లు ఇవ్వాలనే పట్టు పట్టారు. 2013లో కొలంబియా, తర్వాత ఏడాదికొకటి చొప్పున ఈక్వడార్, మెక్సికో, గ్వాటెమాలా ఈ జబ్బు నుంచి బయటపడ్డాయి. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవిలోని యానోమామి ప్రజల దగ్గరే అది మిగిలింది. అదుపు చాలనుకుంటే ఒకసారి సరిపోతుందేమో గానీ, తుడిచిపెట్టాలంటే రెండుసార్లే మేలని నా నమ్మకం.

అయితే ఎన్నిసార్లు పంచారన్నదాని కంటే ఎవరు మింగారన్నది ముఖ్యం. బోదకాలు మాత్రల విషయంలో మన ఊళ్లలోనూ చూశాం. ఆశా కార్యకర్త ఇచ్చి వెళ్తుంది, మాత్రలు గూట్లో ఉండిపోతాయి. ఏటేటా మానేసే ఆ కొద్దిమంది ఒంట్లోనే పురుగు దాక్కుంటుంది. ఎదురుగా మింగించడం ఒక్కటే మందు. ఇంకో జాగ్రత్త: మన దగ్గర బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, కంటికే ముప్పు.

మిగతా మందులు తీసిపారేయదగ్గవి కావు. డాక్సీసైక్లిన్ పెద్ద పురుగును గొడ్రాలిని చేస్తుంది. కాకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వేసుకోవాలి, ఊరందరి చేతా అది అయ్యే పని కాదు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన మాక్సిడెక్టిన్ పిల్లపురుగుల్ని ఇంకా ఎక్కువకాలం అణచి ఉంచుతుంది.

మాత్ర అన్నిచోట్లా వేయలేం. కామెరూన్, కాంగో అడవుల్లో లోవా లోవా అనే ఇంకో పురుగు ఉంది. అది రక్తంలో విపరీతంగా ఉన్న మనిషికి ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అక్కడ ముందు రక్తపరీక్ష, తర్వాతే మాత్ర. అలాంటి చోట మళ్లీ ఏటి వైపే చూడాలి.

నాకు ఎక్కువ నచ్చిన దారి కూడా ఏటి దగ్గరే ఉంది. ఈగ పిల్లలు నీళ్లలోకి వేలాడే గడ్డినీ తీగల్నీ పట్టుకుని పెరుగుతాయి. ఉత్తర ఉగాండాలో ఊరివాళ్లే కత్తులతో ఆ గడ్డి నరికి తీసేస్తే ఈగ కాట్లు 89 నుంచి 99 శాతం దాకా తగ్గాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. విమానం లేదు, పురుగుమందు లేదు. గడ్డి మళ్లీ పెరుగుతుంది కాబట్టి మళ్లీ నరకాలి, అంతే. వెడల్పయిన పెద్ద నదుల్లో ఇది కుదరదు. అక్కడ మాత్ర మీదే ఆధారపడాలి.

రెండూ కలిస్తే ఏమవుతుందో నైజర్ చూపించింది. అక్కడ 1976 నుంచి 1989 దాకా నదులకు మందు కొట్టారు. 2008 నుంచి 2019 దాకా బోదకాలు కోసం పంచిన ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ మాత్రలు ఈ పురుగునూ అణచివేశాయి. 2025 జనవరిలో ఆఫ్రికాలో ఈ జబ్బును తుడిచిపెట్టిన మొదటి దేశంగా దానికి గుర్తింపు వచ్చింది.

విమానాల రోజులు పోయాయి, ఆ డబ్బూ ఇప్పుడు లేదు. ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరికి ఏం చేయాలని అడిగితే, ఏడాదికి రెండుసార్లు ఎదురుగా మింగించే మాత్ర, ఈగల కాలంలో గడ్డి కోత అంటాను. దక్షిణ సూడాన్‌లోని మరీదిలో ఇదే చేస్తున్నారు. అక్కడ చూపుతో పాటు పిల్లల మెదడుకూ ఈ జబ్బుతో ముడి ఉంది, మూర్ఛ ఎక్కువ. ఊరి చెరువు అలుగు దగ్గర ఈగలు పెరిగే చోటు గుర్తించి, 2019 నుంచి అక్కడి యువకులే గడ్డి నరుకుతున్నారు, మాత్రలూ పంచుతున్నారు. కొత్తగా మూర్ఛ వచ్చే పిల్లల సంఖ్య తగ్గింది.