స్లైడో: ప్రశ్నలు అది తెస్తుంది, పరిచయాలు మనమే కలపాలి

వృత్తి సంఘాల సదస్సుల్లో ప్రశ్నోత్తరాలకు దక్కేది ఎప్పుడూ మిగులు సమయమే. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీది పెద్దలందరి సందేశాలు పూర్తయ్యేసరికి మొదటి సాంకేతిక ప్రసంగం గంట ఆలస్యమవుతుంది. ఆ గంటను భోజన విరామం నుంచి తీయలేరు గనుక, ప్రతి ప్రసంగం చివర ప్రశ్నలకని ఉంచిన పది నిమిషాల నుంచి తీస్తారు. మిగిలిన రెండు మూడు నిమిషాల్లో కార్డ్‌లెస్ మైకు ముందు వరుసలోని ఒక పెద్దాయన చేతికి వెళుతుంది. ఆయన తన సర్వీసు అనుభవం చెప్పి, వక్తను అభినందించి, ప్రశ్నేమీ అడగకుండానే కూర్చుంటారు. జిల్లాల నుంచి రాత్రి బస్సుల్లో, రైళ్లలో వచ్చిన యువ ఇంజినీర్లు వెనక వరుసల్లో కూర్చుని, కిట్ బ్యాగు తీసుకుని, భోజనం చేసి, తమతో వచ్చినవాళ్లతోనే మాట్లాడుకుని తిరిగి వెళ్లిపోతారు. సివిల్ ఇంజినీర్ల సంఘం ఒకదానిలో కార్యవర్గ సభ్యుడిగా సదస్సుల ఏర్పాట్లు చూసే నాకు ఈ పరిస్థితి చాలాకాలంగా బాధ కలిగిస్తూ వచ్చింది. దాన్ని మార్చేందుకు మేము వాడుతున్న స్లైడో అనే ఆన్‌లైన్ ప్రశ్నోత్తరాల సేవ గురించి, నిర్వాహకుల వైపు నుంచి తెలిసిన మంచిచెడ్డలను ఇక్కడ వివరిస్తున్నాను.

స్లైడో 2012లో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో మొదలైంది. 2021లో అమెరికా సంస్థ సిస్కో దీన్ని కొనుగోలు చేసి తన వెబెక్స్ ఆన్‌లైన్ సమావేశాల సేవలతో కలిపింది. సభకు వచ్చినవారు తెర మీద కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే, లేదా స్లైడో వెబ్‌సైటులో ఆ కార్యక్రమానికి కేటాయించిన కోడ్ కొడితే చాలు, ప్రశ్నల పేజీ తెరుచుకుంటుంది. యాప్ దింపుకోవాల్సిన పని లేదు, ఖాతా తెరవాల్సిన అవసరం లేదు. ఎవరైనా ప్రశ్న రాయవచ్చు. ఇతరులు రాసిన ప్రశ్న తమకూ ముఖ్యమనిపిస్తే దానికి ఓటు వేయవచ్చు. ఎక్కువ ఓట్లు పడిన ప్రశ్నలు పైకి వస్తాయి. పేరు ఇవ్వాలా వద్దా అనేది అడిగేవారి ఇష్టం. పేరు తప్పనిసరి చేసే అధికారం నిర్వాహకులకు ఉంటుంది.

ఈ రెండు ఏర్పాట్లు, అంటే ఓట్లూ అజ్ఞాతమూ, మన సభల్లో ఎంత మార్పు తెస్తాయో చెప్పాలంటే మన ఉద్యోగాల్లోని అంతస్తులను గుర్తు చేసుకోవాలి. వేదిక మీద ఉన్నది రిటైరైన చీఫ్ ఇంజినీర్, సభాధ్యక్షుడు సూపరింటెండింగ్ ఇంజినీర్, మూడో వరుసలో కూర్చున్నది తన సొంత డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ అయినప్పుడు, ఉద్యోగంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీర్ లేచి నిలబడి సైటులో తనకు ఎదురైన ఇబ్బంది గురించి అడగడం దాదాపు అసాధ్యం. అడిగితే అది తన పై అధికారి మీద ఫిర్యాదులా వినిపిస్తుందన్న భయం సహజమైనది, దాన్ని పిరికితనమని కొట్టిపారేయకూడదు. స్లాబుకు వాడిన కాంక్రీటుతోనే పోసిన చిన్న క్యూబులను 28 రోజుల తర్వాత పరీక్షించి దాని బలం తేలుస్తారు. కాంక్రీటు నాణ్యత మీద జరిగిన ఒక ప్రసంగంలో పేరు లేకుండా వచ్చిన ఒక ప్రశ్న ఇలా ఉంది: ‘28 రోజుల క్యూబు ఫలితం తక్కువ వచ్చేసరికి పై అంతస్తు స్లాబు కూడా వేసేసి ఉంటాం. అప్పుడు ఏం చేయాలి?’ ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు దానికే పడ్డాయి. వక్త తన స్లైడ్లను పక్కనపెట్టి, మొదట కాంక్రీటును పగలగొట్టకుండానే చేసే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో బలహీనమైన చోట్లు గుర్తించాలని, తర్వాత కోర్లు, అంటే గట్టిపడిన కాంక్రీటును తొలిచి తీసే గుండ్రటి ముక్కలు, తీయాలని వివరించారు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం 3 కోర్లు తీయాలని, వాటి సగటు బలం ఆ కాంక్రీటు గ్రేడుకు ఉండాల్సిన క్యూబు బలంలో 85 శాతానికి తగ్గకూడదని, ఏ ఒక్క కోరూ 75 శాతం కన్నా దిగువకు రాకూడదని, అదీ చాలకపోతే బరువు మోపి చూసే లోడ్ టెస్టు దాకా వెళ్లాలని చెప్పారు. హాలులో చాలామంది నోటు పుస్తకాలు తెరిచారు. మైకు మాత్రమే ఉన్న సభలో ఆ ప్రశ్న పుట్టేది కాదని నేను నమ్ముతున్నాను; అంతమందికి అదే సందేహం ఉందన్న సంగతి వక్తకు తెలిసే అవకాశమూ ఉండేది కాదు.

స్లైడోలోనే ఉండే పోల్‌ల, అంటే సభికుల అభిప్రాయం అడిగే ప్రశ్నల, సంగతికి వస్తే, వాటిని ప్రసంగం చివర కాకుండా మొదట్లో వాడినప్పుడే ఫలితం కనిపిస్తుంది. ‘మీరు పనిచేసే చోట రోబో శాండ్ (రాళ్లను పొడి చేసి తయారుచేసే ఇసుక) వాడుతున్నారా?’ అని వక్త ముందే అడిగితే, ఎదురుగా ఉన్నవారి అనుభవాన్ని బట్టి ప్రసంగాన్ని ఎక్కడ కుదించాలో ఎక్కడ విస్తరించాలో తేల్చుకోగలుగుతారు. పదాలను పెద్దవిగా చిన్నవిగా చూపే వర్డ్ క్లౌడ్ చూడటానికి బాగుంటుంది గానీ, తెలుగు సభలో దాని ఉపయోగం తక్కువ. ఒకే మాటను ఒకరు తెలుగు లిపిలో, ఒకరు ఇంగ్లిషు అక్షరాల్లో, మరొకరు వేరే వర్ణక్రమంలో రాస్తే అవి మూడు వేర్వేరు మాటలుగా తెర మీదకు వస్తాయి. అందువల్ల మేము ఎంపికలు ముందే ఇచ్చే పోల్‌లకే పరిమితమయ్యాము. ప్రశ్నలు తెలుగులో రాయడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. తెలుగులో అడగవచ్చని వేదిక మీద నుంచి ఒక్కసారి చెబితే ప్రశ్నల స్వభావమే మారిపోతుంది. ఇంగ్లిషులో వాక్యం సరిగ్గా కుదరదేమోనని ఆగిపోయినవారు కూడా రాస్తారు.

అజ్ఞాతానికి ఒక మూల్యం ఉంది. బదిలీల మీద, పదోన్నతుల మీద, ఫలానా కాంట్రాక్టరు మీద వ్యాఖ్యలు రాకుండా ఉండవు. ప్రశ్నలను ముందుగా పరిశీలించి తెర మీదకు పంపే సౌకర్యం స్లైడోలో ఉంది, కానీ అది డబ్బు చెల్లించే ప్లాన్లలోనే దొరుకుతుంది. ఈ పరిశీలన బాధ్యతను ఎవరికి అప్పగిస్తామన్నది నిర్వాహకులు శ్రద్ధగా ఆలోచించవలసిన విషయం. కంప్యూటరు వచ్చిన కుర్రవాడికి అప్పగిస్తే అతను పెద్దలకు కోపం వస్తుందేమోనని పదునైన ప్రశ్నలన్నీ ఆపేస్తాడు. విషయం తెలిసి, ఎవరికీ జంకని మధ్య వయసు ఇంజినీరును కూర్చోబెట్టి, వ్యక్తుల పేర్లున్న వ్యాఖ్యలను తప్ప మరి దేన్నీ ఆపవద్దని స్పష్టంగా చెప్పాలి. ఆపిన ప్రశ్నలు ఎక్కువైతే సభికులు దాన్ని వెంటనే పసిగడతారు, ఆ తర్వాత ఎవరూ రాయరు.

పెద్దవారి విషయం కూడా మరువరాదు. రిటైరైన సభ్యుల్లో కొందరికి ఫోనులో టైపు చేయడం అలవాటు లేదు, మరికొందరికి మైకులో మాట్లాడటమే గౌరవంగా తోస్తుంది. వారి అనుభవం సభకు నిజంగా అవసరం కూడా. అందుకని రెండు స్లైడో ప్రశ్నల తర్వాత ఒక మైకు ప్రశ్న అన్న పద్ధతి పెట్టుకున్నాము. దానితోపాటు కుర్చీల మీద చీటీలు ఉంచి, వాటి మీద రాసిన ప్రశ్నలను వాలంటీర్లు స్లైడోలోకి ఎక్కించే ఏర్పాటు చేశాము. హోటళ్ల నేలమాళిగల్లో ఉండే హాళ్లలో ఫోను సిగ్నలు సరిగ్గా అందనప్పుడు కూడా ఈ చీటీలే ఆదుకున్నాయి. హాలు మాట్లాడుకునేటప్పుడే వైఫై ఎంతమందిని తట్టుకుంటుందో అడిగి, ముందు రోజు సాయంత్రం అక్కడికి వెళ్లి పరీక్షించడం మంచిది.

ఇంతవరకు చెప్పినదంతా ప్రశ్నల గురించి. సదస్సుకు దూరాభారం నుంచి వచ్చేవారు కోరుకునే రెండో విషయం మనుషుల పరిచయం, ఇందులో స్లైడో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పేరు లేని ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అడిగినవారు ఎవరో ఎవరికీ తెలియదు, అదే ఇబ్బందిలో ఉన్న పక్క కుర్చీలోని మనిషికి కూడా తెలియదు. పైగా అందరి చూపూ ఫోను మీదకు పోతుంది. హాలులో ప్రశ్నలు బాగా వచ్చిన రోజున కూడా టీ విరామంలో ఎవరి గుంపులో వారే నిలబడటం చూశాక, మిగిలిన సగం పని స్లైడో బయట చేయవలసి ఉంటుందని మాకు అర్థమైంది.

అమెరికాకు చెందిన హారిసన్ ఓవెన్ ఒక పెద్ద సదస్సును ఎంతో శ్రమపడి నిర్వహించాక, వచ్చినవారికి అన్నిటికన్నా నచ్చింది కాఫీ విరామాలేనని గ్రహించి, 1985లో ఓపెన్ స్పేస్ అనే పద్ధతికి రూపమిచ్చారు. అందులో ముందుగా నిర్ణయించిన ప్రసంగాలు ఉండవు. పాల్గొనేవారే తమకు కావలసిన విషయాన్ని కాగితం మీద రాసి, సమయమూ చోటూ పేర్కొని గోడకు అంటిస్తారు. ఆసక్తి ఉన్నవారు అక్కడికి చేరతారు. తాను నేర్చుకోవడమూ లేదు, ఇతరులకు ఉపయోగపడటమూ లేదు అనిపించినవారు మొహమాటం లేకుండా లేచి మరో చోటికి వెళ్లవచ్చు. సదస్సు మొత్తాన్ని అలా నడిపే ధైర్యం మాకు లేదు, ఆహ్వానించిన వక్తలను కాదనలేము కూడా. కానీ మధ్యాహ్నం ఒక గంటను దీనికి కేటాయించి, దాన్ని స్లైడోతో ముడిపెట్టాము. ఉదయం ఎక్కువ ఓట్లు పడి, సమయం చాలక మిగిలిన ప్రశ్నలను పెద్ద అక్షరాలతో రాయించి, భోజనశాలలోని గుండ్రటి బల్లలకు ఒక్కో ప్రశ్న చొప్పున పెట్టించాము. నల్లరేగడి నేలల్లో పునాదులకు ఒక బల్ల, రోబో శాండ్‌కు ఒక బల్ల, బిల్లుల జాప్యానికి మరో బల్ల. ప్రశ్న రాసినవారు తామేనని చెప్పుకోనక్కరలేదు, వచ్చి కూర్చుంటే చాలు. నల్లరేగడి బల్ల దగ్గర కర్నూలు నుంచి వచ్చినవారూ ఆదిలాబాదు నుంచి వచ్చినవారూ అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) ఖర్చు గురించి వాదించుకుని, చివరకు ఫోను నంబర్లు రాసుకున్నారు. స్లైడోకు నేను ఇవ్వగలిగిన అతి పెద్ద ప్రశంస ఈ బల్లలకు సంబంధించినదే. ఏ విషయం మీద మనుషులు కలవాలో అది నిక్కచ్చిగా చెప్పింది. కార్యవర్గం కూర్చుని ఊహించి పెట్టిన అంశాలకు ఆ బలం ఏనాడూ రాలేదు.

విరామాల్లో పాటించదగిన మరో చిన్న పద్ధతి ఉంది. సాఫ్ట్‌వేర్ పత్రాలు రాసేవారి కోసం రైట్ ద డాక్స్ సదస్సులను ప్రారంభించినవారిలో ఒకరైన ఎరిక్ హోల్షర్ దానికి, నోరు తెరిచిన వలయంలా కనిపించే వీడియో గేమ్ పాత్ర పేరుతో, పాక్‌మాన్ నియమం అని పేరు పెట్టారు. నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు వలయాన్ని పూర్తిగా మూసేయకుండా మరొకరు వచ్చి చేరేంత చోటు వదలాలి, ఎవరైనా చేరితే మళ్లీ ఇంకొకరికి చోటు వదలాలి. దీన్ని విరామానికి ముందు సభాధ్యక్షుల చేత చెప్పించాలి, ఎందుకంటే మన దగ్గర పెద్దవారి గుంపులోకి పిలవకుండా వెళ్లడం అమర్యాద అని చిన్నవాళ్లు అనుకుంటారు. ఆ పెద్దవారి నోటి నుంచే రమ్మన్న మాట వస్తే తప్ప కదలరు. టీ విరామం పదిహేను నిమిషాలైతే క్యూలో నిలబడటానికే సరిపోతుంది, కనీసం అరగంట ఉండాలి.

ఇతర సేవల్లో స్టాక్‌హోమ్‌కు చెందిన మెంటిమీటర్ పోల్‌లను అందంగా చూపడంలో మెరుగ్గా ఉంటుంది, తరగతి గదికీ శిక్షణకూ బాగా సరిపోతుంది. కహూట్ క్విజ్‌లకు మంచిది. సదస్సు హాలులో ప్రశ్నల కోసమైతే నేను స్లైడోనే సూచిస్తాను. వాట్సాప్ గ్రూపు పెడితే చాలు కదా అని మా దగ్గర కూడా కొందరన్నారు, కానీ అందులో ప్రతి ఒక్కరి నంబరూ బయటపడుతుంది, ఓట్లను బట్టి ప్రశ్నలు పైకి రావు, శుభోదయం సందేశాల మధ్య ప్రశ్నలు కనిపించకుండా పోతాయి.

ఉచిత ఖాతాలో ఒక కార్యక్రమానికి 100 మంది వరకు చేరవచ్చు, 3 పోల్‌లు పెట్టవచ్చు. జిల్లా స్థాయి సమావేశానికి ఇది చాలు. రాష్ట్ర స్థాయి సదస్సుకు చెల్లింపు ప్లాన్ తప్పదు. ఏడాది చందా కాకుండా ఒక్క కార్యక్రమానికే తీసుకునే వీలు ఉంది గనుక చిన్న సంఘాలకు కూడా భరించదగినదే. జ్ఞాపికల సంఖ్య తగ్గించి ఆ డబ్బు ఇటు మళ్లించమని మా కార్యవర్గంలో నేను గట్టిగా వాదించాను, తోటి సంఘాలకూ అదే చెబుతాను.

చెల్లింపు ప్లాన్లో మరో ప్రయోజనం, వచ్చిన ప్రశ్నలన్నింటినీ ఓట్లతో సహా ఎక్సెల్ ఫైలుగా దింపుకోవచ్చు. బల్లల దగ్గర కూడా తేలని ప్రశ్నలను వక్తలకు పంపి, రాతపూర్వకంగా జవాబులు తెప్పించి సంఘం పత్రికలో అచ్చు వేస్తున్నాము. సదస్సు అయ్యాక అడిగితే వక్తలకు తీరిక దొరకదు. ఆహ్వాన పత్రంలోనే ‘ప్రసంగం తర్వాత మిగిలిన ప్రశ్నలకు రెండు వారాల్లో జవాబులు రాసి పంపగలరు’ అన్న ఒక్క వాక్యం చేరిస్తే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటున్నారు.