యూరప్ రైళ్లలో ఫస్ట్ క్లాస్: ఎంత తేడా దాకా పెట్టొచ్చు?

మన చెయిర్ కార్‌లో సీట్లు 3+2 (నడవకు ఒకవైపు మూడు, మరోవైపు రెండు), ఎగ్జిక్యూటివ్‌లో 2+2. జర్మనీ హైస్పీడ్ రైళ్లు ఐసీఈల్లో, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లు టీజీవీల్లో సెకండ్ క్లాసే 2+2. ఫస్ట్‌లో 2+1. అంటే ఇక్కడ మనం ఎగ్జిక్యూటివ్ అని ఎక్కువ డబ్బు పోసే సీట్ల అమరిక అక్కడ మామూలు తరగతిదే. ఏసీ రెండింటిలోనూ ఉంటుంది. 'సెకండ్ క్లాస్' అనగానే జనరల్ బోగీ కళ్లముందు మెదిలి ఫస్ట్ కొనేస్తే ఆ డబ్బు దండగ.

ఫస్ట్ నిజంగా పనికొచ్చేది ఐసీఈలో, అందులోనూ శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం సాయంత్రం. ఈ రైళ్లలో సాధారణంగా రిజర్వేషన్ తప్పనిసరి కాదు, ఉన్న సీట్లకు మించి టికెట్లు అమ్ముడవుతాయి. దాంతో సెకండ్ క్లాస్ నడవల్లో జనం సూట్‌కేసుల మీద కూర్చుంటారు. ఫస్ట్ టికెట్‌లో సీటు రిజర్వేషన్ కలిసే వస్తుంది. సెకండ్‌లో మనిషికి 5 యూరోలకు పైగా విడిగా కట్టాలి. నలుగురైతే 20 యూరోలు దాటుతుంది, కాబట్టి అది కలిపాకే ధరలు పోల్చండి. రిజర్వ్ చేసిన సీటుకు రైలు కదిలిన 15 నిమిషాల్లోపు చేరకపోతే హక్కు పోతుంది. తిండి సీటు దగ్గరికే తెస్తారు గానీ ఉచితం కాదు, బిల్లు మామూలే.

టీజీవీలో లెక్క వేరు. రెండు తరగతుల్లోనూ రిజర్వేషన్ తప్పనిసరి, సెకండ్‌లోనూ మీ సీటు మీదే. ఫస్ట్‌లో దక్కేది వెడల్పు, కాస్త నిశ్శబ్దం. పారిస్–లియోన్ రెండు గంటల ప్రయాణానికి అది పెద్ద అవసరం కాదు. కాకపోతే సెకండ్‌లో చౌక కోటా అయిపోయాక ఫస్ట్ ధర దానికి 5, 10 యూరోల దూరంలోకి వస్తుంది, ఒక్కోసారి తక్కువే ఉంటుంది. అందుకే రెండు ధరలూ చూడకుండా డబ్బు కట్టొద్దు. తేడా 10 యూరోల లోపైతే ఫస్ట్, 20 దాటితే సెకండ్. మధ్యలో ఉంటే సామాను చూసి తేల్చుకోవాలి.

స్విట్జర్లాండ్‌లో మామూలు టికెట్‌కు ఫస్ట్ ధర సెకండ్‌కు దాదాపు 1.75 రెట్లు. జ్యూరిక్–బెర్న్ గంట లోపు ప్రయాణానికి అంత పెట్టక్కర్లేదు. పిల్లలుంటే సెకండే మేలు: కొన్ని డబుల్ డెక్కర్ ఇంటర్‌సిటీల్లో ఆటస్థలం ఉన్న ఫ్యామిలీ బోగీ అందులోనే ఉంటుంది. పలు దేశాల రైళ్లకు ఒకటే టికెట్‌గా పనికొచ్చే యూరైల్ పాస్‌లో మాత్రం తేడా సుమారు పావు వంతే, కాబట్టి స్విస్ రైళ్లు ఎక్కువ ఎక్కేవాళ్లకు ఫస్ట్ పాస్ గిట్టుబాటు. టీజీవీ రిజర్వేషన్ రుసుము పాస్ ఉన్నా విడిగా కట్టాల్సిందే.

ఇటలీ హైస్పీడ్ రైలు ఫ్రెచ్చారొస్సాలో స్టాండర్డ్, ప్రీమియం, బిజినెస్, ఎగ్జిక్యూటివ్ అని నాలుగు తరగతులు. వాటిలో ఈటీఆర్ 1000 అనే మోడల్ రైళ్లలో ప్రీమియం కూడా 2+2నే, వెడల్పు కోసమైతే బిజినెస్‌కే వెళ్లాలి. ఏ దేశంలోనైనా లోకల్, రీజినల్ రైళ్ల ఫస్ట్ చాలాచోట్ల అద్దం తలుపు వెనక అవే సీట్లు. వదిలేయండి.

సామాను సంగతి మనవాళ్లకు ముఖ్యం. 28 అంగుళాల పెట్టె సీటు కింద పట్టదు, పై ర్యాక్‌కు ఎత్తడం కష్టం. బోగీ చివరి అర, లేదా వీపులు కలిసే సీట్ల మధ్య సందు, అంతే. ఫస్ట్‌లో జనం తక్కువ కాబట్టి ఆ అర ఖాళీ దొరుకుతుంది. మనిషికి రెండు పెద్ద పెట్టెలుంటే ఈ ఒక్క కారణానికే ఫస్ట్ తీసుకోవచ్చు.

ఫస్ట్ బోగీలు తరచూ రైలుకు ఒక కొసనే ఉంటాయి. రెండు టీజీవీలు జోడిస్తే పొడవు 400 మీటర్లు. ప్లాట్‌ఫాం మీది ఏ, బీ, సీ సెక్టార్ అక్షరాలు చూసి ముందే నిలబడండి. జర్మనీలో బోగీల వరుస తిరగబడి రావడం మామూలే, చివరి నిమిషం దాకా బోర్డు చూస్తూ ఉండాలి. సెకండ్ టికెట్‌తో ఫస్ట్ నడవలో నిలబడినా టీసీ ఒప్పుకోడు. ఆ రోజు ఫస్ట్ బోగీ అసలు రాకపోతే, టీసీ చేత టికెట్ మీద రాయించుకుంటే తరగతి తేడా డబ్బు వాపసు అడగొచ్చు.