ఇంటి సినిమా రీళ్లకు ఏది మేలు: చేత్తో ఎక్కించే ప్రొజెక్టరా, ఆటోమేటిక్కా?

మన పక్క పాత ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున 8 ఎంఎం వెడల్పు ఫిల్ము రీళ్లు ఇంకా దొరుకుతున్నాయి. అరవై, డెబ్బై దశకాల్లో అమెరికా వెళ్లిన డాక్టర్లున్న ఇళ్లలో, పొగాకు వ్యాపారం మీద దేశాలు తిరిగినవాళ్ల ఇళ్లలో మరీను. పెళ్లి ఊరేగింపులు, ఒంగోలు గిత్తలు, మైపాడు ఒడ్డున అలల్లో పిల్లలు. అవి మళ్లీ చూడాలని పాత ప్రొజెక్టరు కొనబోయేవాళ్లు అడిగే మాట ఒకటే. ఫిల్ము మనమే ఎక్కించుకునేది తీసుకోవాలా, కొస అందిస్తే అదే లాక్కునేది తీసుకోవాలా? నా మాట ముందే చెప్తాను. ఈ ఉక్కపోతలో, ఈ ఉప్పుగాలిలో యాభై ఏళ్లు పడి ఉన్న రీళ్లకి చేత్తో ఎక్కించేదే మేలు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇంటి సినిమాల్లో చాలా భాగం రివర్సల్ ఫిల్ము. కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగాక ప్రొజెక్టరులోకి వస్తుంది. విడిగా నెగెటివ్ ఉండదు, రెండో ప్రింటు ఉండదు. సినిమా హాల్లో రీలు పాడైతే ఇంకో ప్రింటు తెప్పించుకునేవాళ్లు. గుమ్మంలో నిలబడి నవ్విన తాతమ్మ బొమ్మకి ఆ వీలు లేదు. 50 అడుగుల సూపర్ 8 (8 ఎంఎంలో ఒక రకం) రీలు సెకనుకు 18 ఫ్రేముల లెక్కన ఆడేది 3 నిమిషాల 20 సెకన్లు. ఆవిడ మిగిలి ఉన్నది ఆ కాసేపట్లోనే.

చేత్తో ఎక్కించే మిషనుకి మూత తీస్తే దారంతా కళ్లెదుటే ఉంటుంది. పై రీలు నుంచి రెండడుగుల ఫిల్ము లాగి, పై స్ప్రాకెట్ (ఫిల్ముని నడిపే పళ్ల చక్రం) పళ్ల మీద ఫిల్ము అంచు కన్నాలు కూర్చోబెట్టి క్లిప్పు మూయాలి. తర్వాత గేటు తెరిచి, లెన్సు వెనక సందులో ఫిల్ముని సరిగ్గా దింపాలి. ఆపైన కింది స్ప్రాకెట్, చివర ఖాళీ రీలు. గేటుకి పైన ఒక లూపు, కింద ఒక లూపు వదలడం మరిచిపోకూడదు. స్ప్రాకెట్లు ఫిల్ముని ఆగకుండా నడుపుతాయి. గేటు దగ్గర మాత్రం క్లా అనే చిన్న కొక్కెం ఒక్కో ఫ్రేమునీ లాగి, నిలిపి, మళ్లీ లాగుతుంది. ఆ రెండు నడకల తేడాని సర్దేది ఆ వదులే. లూపు బిగిసిపోతే తెర మీద బొమ్మ గజగజలాడుతుంది, కన్నాల మీద బరువు పడుతుంది. కుట్టుమిషనుకి దారం ఎక్కించడం వచ్చినవాళ్లకి ఇది ఒక సాయంత్రంలో పట్టుబడే పని.

నాకు అన్నిటికన్నా విలువైంది ఆ తర్వాతి అర నిమిషం. చాలా మిషన్లకి పక్కన చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది. లైటు వేయకముందే దాన్ని వేళ్లతో మెల్లగా తిప్పాలి. ఫిల్ము బాగుంటే ఒక్కో ఫ్రేమూ టక్కుమని దిగుతుంది. ఎక్కడైనా కన్నం చిరిగి ఉంటే ఫిల్ము అక్కడే నిలబడిపోతుంది, క్లా కొన అంచుని గీకుతున్న సన్నటి చప్పుడు వస్తుంది, వేళ్లకి నాబ్ కాస్త తేలికవుతుంది. వెంటనే గేటు తెరిచి ఫిల్ముని బయటికి తీసేయవచ్చు. నష్టం ఏమీ ఉండదు.

ఆటోమేటిక్‌లో ఈ అవకాశమే పోతుంది. ముందు మిషనుకే ఉన్న కట్టర్‌తో ఫిల్ము కొసని కత్తిరించాలి. లీవరు నొక్కితే లోపలి గైడ్లు దగ్గరికొచ్చి దారి కడతాయి. మోటారు నడుపుతూ కొసని సందులోకి తోస్తే స్ప్రాకెట్ అందుకుంటుంది, గేటు దాటుతుంది, ఖాళీ రీలుకి అదే చుట్టుకుంటుంది. ముందు కొత్త లీడరు (బొమ్మల్లేని ఖాళీ ఫిల్ము) అతికించిన మంచి ఫిల్ము అయితే చూడముచ్చటగా ఎక్కుతుంది. కానీ పాత ఫిల్ము చుట్టుకుని చుట్టుకుని వంపు తిరిగి ఉంటుంది. పాత అతుకుల దగ్గర జిగురు ఊడి ఉంటుంది. ఆ కొస గైడుకి తగిలి మడత పడితే, మూత లోపల ఏం జరుగుతున్నదీ మనకి కనపడదు. మోటారు నడుస్తూనే ఉంటుంది, వెనక ఫిల్ము హార్మోనియం తిత్తిలా మడతలు పడుతుంది. పైగా చాలా మోడళ్లలో సగంలో ఫిల్ము తీయాలంటే కుదరదు. ఆడించి అవతలికి పంపాలి, లేదంటే లెన్సూ గేటూ విప్పాలి. ఆ కంగారులో వెనక్కి లాగితే క్లా కింద కన్నాలు వరసగా చిరుగుతాయి.

అలాగని ఆటోమేటిక్‌ని తీసిపారేయను. కందుకూరులో ఒక పెద్దాయన నాతో అన్నమాట న్యాయమైనదే: "నాకు చూపానదబ్బయ్యా. ఆ సందులో ఫిల్ము దూర్చమంటే నావల్ల యాడవుద్ది?" చేతులు వణికే వయసులో, సాయానికి ఎవరూ లేని ఇంట్లో, ఆటోమేటిక్ లేకపోతే రీలు అసలు ఆడదు. అలాంటివాళ్లు ప్రతి రీలుకీ ముందు మూడు నాలుగడుగుల కొత్త తెల్ల లీడరు అతికించుకుంటే సగం గండం గడిచినట్టే. శబ్దం ఉన్న రీళ్లలోనూ ఆటోమేటిక్‌దే పైచేయి. సూపర్ 8 మాగ్నెటిక్ పట్టీ మీద ధ్వని తన బొమ్మకంటే 18 ఫ్రేములు ముందుంటుంది. ధ్వనిని ఫిల్ము అంచునే బొమ్మలా ముద్రించే 16 ఎంఎం ఆప్టికల్‌లో అయితే 26 ఫ్రేములు. కింది లూపు కొలత మారితే పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. గైడ్లు ఆ కొలతని ప్రతిసారీ ఒకేలా వేస్తాయి.

16 ఎంఎం ఉన్నవాళ్లకి మూడో దారి ఉంది. ఎల్మో 16-సీఎల్ లాంటి మిషన్లలో ఫిల్ముని పక్క నుంచి ఒక గాడిలో పడేసి లీవరు తిప్పితే గేటూ స్ప్రాకెట్లూ మూసుకుంటాయి. సగంలోనూ తీసేయవచ్చు. దొరికితే కళ్లు మూసుకుని దాన్నే తీసుకోమంటాను. 8 ఎంఎంలో ఇలాంటివి అరుదు.

కొనేముందు రీలుని వెలుతురుకి పట్టి చూడండి. కన్నాలు పెద్దవై, రెండు బొమ్మల మధ్య గీత దగ్గర ఉంటే అది 1932లో వచ్చిన రెగ్యులర్ 8. చిన్నవై, బొమ్మ మధ్యకి ఎదురుగా ఉంటే 1965లో వచ్చిన సూపర్ 8. రెండూ ఆడించే మిషన్లలో స్విచ్ మార్చకుండా ఎక్కిస్తే ఫిల్ము పాడవుతుంది.

అమెరికా నుంచి వచ్చిన మిషను 110 వోల్టులది అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వోల్టేజీ సరిపోయినా అక్కడి కరెంటు 60 సైకిళ్లు, మనది 50. ఇండక్షన్ మోటారు ఉన్న మిషను ఇక్కడ ఆరో వంతు నెమ్మదిస్తుంది. ఇక రబ్బరు బెల్టులు. ఏళ్ల తరబడి వాడని మిషన్లలో అవి కరిగి తారులా అంటుకుపోతాయి. ఆటోమేటిక్‌లో రబ్బరు రోలర్లు, ప్లాస్టిక్ పళ్ల చక్రాలు ఎక్కువ కాబట్టి చెడే చోట్లూ ఎక్కువే. నెల్లూరులో కుట్టుమిషన్లు బాగుచేసే చేతికి చేత్తో ఎక్కించే ప్రొజెక్టరు అర్థమవుతుంది. ఆటోమేటిక్ విప్పాలంటే వాళ్లూ వెనకాడతారు.

అన్నిటికన్నా ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. మన వేడికీ తేమకీ ఎసిటేట్ ఫిల్ము కుళ్లడం మొదలైతే వెనిగర్ వాసన ఘాటుగా కొడుతుంది. 1989 నవంబరు తుపానులో కావలి చుట్టుపక్కల నీళ్లలో నానిన ఇళ్ల రీళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, వాటిలో బూజు కూడా ఉండొచ్చు. వాసన వచ్చే ఫిల్ము కుంచించుకుపోతుంది. కన్నాల మధ్య దూరం ఒక శాతం తగ్గినా స్ప్రాకెట్ పళ్లకి సరిపోదు. అలాంటి రీలుని చేత్తోనూ ఎక్కించొద్దు, ఆటోమేటిక్‌కీ ఇవ్వొద్దు. పళ్లు లేకుండా రోలర్ల మీద ఫిల్ముని నడిపే స్కానర్ ఉన్నచోట డిజిటల్ చేయించండి. పంపేదాకా ఆ రీలుని మంచి రీళ్ల పెట్టెలోంచి తీసి, గాలి ఆడే డబ్బాలో విడిగా పెట్టండి. దాని ఆవిరి పక్క రీళ్లకీ తగులుతుంది.