మందుల చార్టు నిండా సంతకాలే, బిళ్లలు మాత్రం స్ట్రిప్పులోనే ఉన్నాయి: సపోర్టెడ్ లివింగ్‌లో మనవాళ్లను చేర్చేవాళ్లు జాగ్రత్త

మీ ఇంట్లో ఎవరినైనా సపోర్టెడ్ లివింగ్‌లో, అంటే సాయం చేసేవాళ్లు వచ్చి చూసుకునే ఇంట్లో, చేర్చాలని చూస్తుంటే, సంతకం పెట్టేముందు ఇది ఓపిగ్గా చదవండి. కాస్త పెద్దదే. పద్నాలుగు నెలలు మేం పడ్డది ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. అయినా మీకు పనికొచ్చేది వాళ్ల పేరు కాదు, వాళ్లు మమ్మల్ని ఎలా నమ్మించారన్నది.

మా తమ్ముడికి 31 ఏళ్లు. పుట్టుకతోనే మానసిక ఎదుగుదల తక్కువ, నాలుగో ఏట నుంచి ఫిట్స్. మాట ముద్దగా వస్తుంది, కొత్తవాళ్లకు సగమే అర్థమవుతుంది. స్నానం, బట్టలు, తిండి తనే చూసుకుంటాడు. మందులు, డబ్బు, బయటికి వెళ్లిరావడం, వీటికి మాత్రం పక్కన మనిషి ఉండాలి. అమ్మకు ఓపిక తగ్గిపోయింది. ఇంకెన్నాళ్లు మన చేతుల మీద, వాడికంటూ ఒక ఇల్లు ఉండాలి అనుకున్నాం. వాడూ సంతోషంగానే ఒప్పుకున్నాడు.

సపోర్టెడ్ లివింగ్ అంటే హాస్టల్ లాంటిదో ఆశ్రమం లాంటిదో అనుకుంటారు చాలామంది. అసలు ఉద్దేశం వేరు. ఇల్లు ఆ మనిషిది, అద్దె ఒప్పందం ఆ మనిషి పేరు మీద ఉంటుంది. సాయం చేసేవాళ్లు వచ్చి వెళ్తుంటారు, వాళ్లు నచ్చకపోతే వాళ్లను మార్చుకోవచ్చు, ఇల్లు మారక్కర్లేదు. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వికలాంగులకు అందరితో సమానంగా ఉందని 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణంలో రాసి ఉంది. మేం చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఇల్లూ వాళ్లదే, సిబ్బందీ వాళ్లే, రెండిటికీ ఒకటే కాగితం. ఒకే చోట పని అయిపోతోందని సంతకం పెట్టేశాం. తర్వాత సిబ్బందిని మార్చుకుంటాం అంటే, 'అలాగైతే గది కూడా ఖాళీ చేయాలి' అన్నారు.

చూడటానికి వెళ్లిన రోజు అంతా బాగుంది. గది శుభ్రంగా ఉంది, గోడకు సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి ఉంది, మనిషిని ఎలా చూసుకోవాలో రాసే కేర్ ప్లాన్ నలభై పేజీలు. మేనేజర్ ఎంతో మర్యాదగా మాట్లాడారు. గాలి వెలుతురు ఎలా ఉన్నాయి, దుప్పట్లు ఎన్నాళ్లకు మారుస్తారు అని అడిగాం. రాత్రి మెలకువగా ఉండేది ఎవరు అని మాత్రం అడగలేదు. ఫిట్స్ ఉన్నవాడికి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఎనిమిది తొమ్మిది నెలలు గడిచాక ఫోన్‌లో వాడు రెండుసార్లు, 'అక్కా, రాత్రి బిళ్ల లేదు' అన్నాడు. రెండుసార్లూ నేను స్టాఫ్‌ను అడిగాను. 'వేసుకున్నాడండీ, మర్చిపోయి ఉంటాడు, చార్టులో ఉంది చూడండి' అన్నారు. నేను చార్టునే నమ్మాను. ఈ పోస్టులో రాయడానికి నాకు అన్నిటికన్నా కష్టమైన వాక్యం ఇదే. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, నేను వినలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం చెప్పకుండా వెళ్లాను. ఉదయం పదకొండున్నర అయింది. హాల్లో బల్ల మీద మందుల చార్టు తెరిచి ఉంది. డ్యూటీలో ఉన్న అబ్బాయి లోపల ఇంకొకరికి సాయం చేస్తున్నాడు. ఊరికే చూశాను. ఆ రోజు తేదీ, రాత్రి 8 గంటల గడి, అందులో పొడి అక్షరాల సంతకం. ఇంకా మధ్యాహ్నమే కాలేదు. ఆ అబ్బాయి రాగానే ఇదేంటి అని అడిగాను. మొహం చిన్నబుచ్చుకుని, 'హడావుడిలో మర్చిపోతానని ముందే పెట్టేశా మేడమ్, మందు టైముకే ఇస్తాను' అన్నాడు. ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. నలుగురిని ఒక్కడే చూసుకుంటున్నాడు. జాలేసి ఊరుకున్నాను. మేనేజర్‌కు చెప్పలేదు, ఫోటో తీయలేదు. మీరు అలా ఊరుకోకండి. మందుల చార్టులో సంతకం అంటే 'ఇస్తాను' అని కాదు, 'నా కళ్లముందు మింగాడు' అని. ఏ పద్ధతి ప్రకారమైనా మందు మింగాకే సంతకం పెట్టాలి.

ఆ ఆదివారం తర్వాత మూడు వారాలకు, పొద్దున ఏడు దాటాక ఫోన్ వచ్చింది. 6:40కి గదిలోకి వెళ్లి చూస్తే మంచానికీ గోడకూ మధ్య నేల మీద పడి ఉన్నాడట. నాలుక కొరుక్కుని ఉంది, పక్క తడిసిపోయి ఉంది. ఫిట్స్‌లో కండరాలు బిగుసుకుని కుడి భుజం కీలు జారింది. ఎప్పుడు పడ్డాడో, ఎంతసేపు అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ఎందుకు ఇంత కంగారు పడుతున్నానో ఫిట్స్ ఉన్న ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. ఫిట్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అది ఎమర్జెన్సీ, ఆగడానికి మందు వేయాలి, అంబులెన్స్ పిలవాలి. నిద్రలో ఫిట్స్ వచ్చి బోర్లా పడిపోతే ప్రాణానికే ముప్పు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు వెయ్యిమందిలో ఒకరు, వేరే కారణం ఏదీ దొరకకుండా, హఠాత్తుగా చనిపోతారు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ తరచుగా వచ్చేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అది తగ్గాలంటే మందు తప్పకూడదు, రాత్రి ఒక మనిషో అలారమో కనిపెట్టుకుని ఉండాలి. వాడికి ఈ రెండూ లేవు.

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేశారు. వాడు వాడే ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్. రక్తంలో మిల్లీలీటరుకు మామూలుగా 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఉండాలట. మావాడికి 21 ఉంది. 'మందు సరిగా పడుతున్నట్టు లేదే' అన్నారు డాక్టర్. ఇస్తున్నారండీ, చార్టు ఉంది అన్నాను. అప్పటికీ నా నోట ఆ మాటే వచ్చింది.

ఆ సాయంత్రం వాడి బట్టలు తేవడానికి ఆ ఇంటికి వెళ్లి మందుల డబ్బా అడిగాను. 60 బిళ్లల ప్యాకెట్టు ఒకటో తేదీ ఉదయం మొదలైంది. పూటకొకటి చొప్పున రోజుకు రెండు. 22వ తేదీ రాత్రికి 44 అయిపోయి 16 మిగలాలి. బల్ల మీద స్ట్రిప్పులు పరిచి లెక్కపెట్టాను. 27 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. 27. మూడు వారాల్లో పదకొండు పూటల మందు వాడి కడుపులోకి వెళ్లలేదు. చార్టులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

తర్వాత వాడి గదిలోకి వెళ్లాను. మంచం పక్క ప్లగ్గులో ఎవరిదో ఫోన్ చార్జర్ ఉంది. పరుపు కింద పెట్టే ఫిట్స్ అలారం వైరు చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మంచం వెనక పడేసి ఉంది. చేతిలోకి తీసుకుంటే దుమ్ము వేళ్లకు అంటుకుంది. నిన్నో మొన్నో పీకింది కాదది. అడిగితే, వాడు అటూ ఇటూ దొర్లినప్పుడల్లా మోగుతోందని, మిగతావాళ్లకు నిద్ర పట్టడం లేదని తీసేశారట. మాకు చెప్పలేదు. కేర్ ప్లాన్‌లో మాత్రం 'అలారం ఉంది' అనే రాసి ఉంది.

తర్వాత సంస్థవాళ్లతో జరిగిన మీటింగ్‌లో మేనేజర్ ఫైలు ముందు పెట్టి, 'మా రికార్డు ప్రకారం అన్ని డోసులూ ఇచ్చాం, రెండు గంటలకోసారి చూశాం' అన్నారు. ఆ రాత్రి పేజీ చూపించమన్నాను. 10, 12, 2, 4, 6. అయిదు గడుల్లోనూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే మాట: 'నిద్రపోతున్నాడు'. ఆరు గంటల గడిలోనూ అదే. 6:40కి భుజం జారి నేల మీద దొరికిన మనిషి ఆరింటికి నిద్రపోతున్నాడని రాశారు. ఆరింటికి ఎవరైనా నిజంగా వెళ్లి చూశారా అన్న ప్రశ్నకు ఇవాళ్టి దాకా నాకు జవాబు రాలేదు.

తర్వాత తవ్వితే తెలిసింది, రాత్రి సిబ్బంది ఉన్నది నిజమే కానీ అది 'స్లీప్ ఇన్' డ్యూటీ. అంటే ఆ మనిషి కూడా పడుకోవచ్చు, పిలిస్తే లేవాలి. ఫిట్స్ వచ్చినవాడు ఎలా పిలుస్తాడు? మెలకువగా ఉండే నైట్ డ్యూటీ వేరు, దానికి ఖర్చు ఎక్కువ. కాగితం మీద రెండిటికీ కలిపి 'రాత్రి సిబ్బంది ఉంటారు' అని ఒకే ముక్క రాస్తారు. మీ ఒప్పందంలో ఆ ముక్క ఉంటే, ఏ రకమో రాసి ఇమ్మనండి. ఆ మనిషి ఒక్క ఇంటికేనా, పక్కిల్లు కూడా ఆయనే చూడాలా అన్నది కూడా రాయించుకోండి.

ఇక చేర్చేముందు ఏం చూడాలో, నాకు దెబ్బ తగిలాక తెలిసినవి చెప్తాను. సర్టిఫికెట్ ఉందంటే తనిఖీకి వచ్చిన రోజున అంతా బాగుందని. మీరు రాత్రి ఎనిమిదికో, పొద్దున ఆరింటికో వెళ్లండి. మేనేజర్‌ను కాకుండా డ్యూటీలో ఉన్నవాళ్లను అడగండి: 'ఇప్పుడు వీడికి ఫిట్స్ వస్తే మీరేం చేస్తారు?' పక్కకు తిప్పుతాను, తల కింద మెత్తటిది పెడతాను, టైము చూస్తాను, నోట్లో ఏమీ పెట్టను, 5 నిమిషాలు దాటితే ఫలానా మందు, అది ఫలానా చోట ఉంటుంది అని గబగబా చెప్పాలి. 'మేనేజర్‌కు ఫోన్ చేస్తాను' అన్నారంటే వాళ్లకు ట్రైనింగ్ లేనట్టే.

మందుల చార్టు నిజమైనదైతే ఎక్కడో ఒకచోట ఖాళీయో, 'వద్దన్నాడు' అనో, 'వాంతి చేసుకున్నాడు' అనో ఉంటుంది. మనుషులన్నాక ఉంటాయి. నెలల తరబడి ఒక్క మచ్చ లేని చార్టు చూస్తే ఇప్పుడు నాకు భయమేస్తుంది. అలాగే గత ఆరు నెలల్లో జరిగిన పొరపాట్ల రిపోర్టులు, పేర్లు కనబడకుండానైనా చూపించమనండి. 'మా దగ్గర అలాంటివి జరగవండీ' అన్నారా, జరిగినవి రాయడం లేదని అర్థం చేసుకోండి. పదకొండు డోసులు తప్పిపోతే మా ఫైల్లో ఒక్క రిపోర్టు లేదు.

స్టాఫ్ ఎన్నాళ్లుగా ఉంటున్నారో కూడా కనుక్కోండి. మా దగ్గర పద్నాలుగు నెలల్లో కనీసం పదిహేను కొత్త ముఖాలు చూశాను. వాడి మాట అర్థం కావడానికే రెండు నెలలు పడుతుంది, అర్థమయ్యేసరికి ఆ మనిషి వెళ్లిపోయేవాడు. బిళ్ల లేదన్న మాట ఎవరికీ వినబడకపోవడానికి ఇదీ ఒక కారణం.

మీవాళ్ల అవసరాన్ని బట్టి ఇంకొన్ని ఉంటాయి. మంచం మీదే ఉండేవాళ్లయితే వీపు, తుంటి, మడమలు మీరే స్వయంగా చూడండి, వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మింగడం కష్టమైనవాళ్లకు తిండి ఎంత మెత్తగా ఉండాలి, నీళ్లు ఎంత చిక్కగా ఉండాలి అన్నది వండే మనిషికి నోటికి రావాలి. బాత్రూమ్ కుళాయి వేడినీళ్లు చేత్తో చూడకండి, థర్మామీటరు తీసుకెళ్లండి. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి, గబుక్కున పక్కకు జరగలేని మనిషికి అది చాలా ఎక్కువ సమయం. ఫిట్స్ ఉన్నవాళ్లను టబ్బులో ఒంటరిగా వదలకూడదు. డబ్బు లెక్కలు నెలకోసారి రసీదులతో చూడండి.

చూసిన ప్రతిదానికీ తేదీ పడేలా ఫోటో తీసుకోండి. మాట మీద చెప్పినదాన్ని ఆ రోజే మెయిల్‌లో పెట్టి, 'మీరు ఇలా అన్నారు కదా' అని రాయండి. ఆ ఆదివారం నేను ఆ పేజీ ఫోటో తీసి ఉంటే ఫిర్యాదులో ఇవాళ ఇంత టెన్షన్ ఉండేది కాదు. ముందే పెట్టిన సంతకం సంగతి ఇప్పుడు వాళ్లు ఒప్పుకోవడం లేదు, ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడట. నిజానికి ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. నలుగురికి ఒక్కణ్ని పెట్టి, ట్రైనింగ్ ఇవ్వకుండా, ఫైలు నిండితే చాలన్నవాళ్ల మీదే నా కోపం.

తమ్ముడు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. భుజం కుదురుకుంటోంది, చెయ్యి పైకెత్తితే ఇంకా నొప్పి. రాత్రి బిళ్ల వేసుకున్నాక ఖాళీ గూడు నాకు చూపించి, 'అక్కా, ఉంది' అంటాడు. ఆ ఇంటి నుంచి వాడి గది ఖాళీ చేసినప్పుడు ఇంకా ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ల ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు నా దగ్గర లేవు, అడిగితే సంస్థ ఇవ్వలేదు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్లలో మీరెవరైనా ఇది చదువుతుంటే, మందుల డబ్బాలు హాల్లో అలమర పై అరలో ఉంటాయి. మీవాళ్ల డబ్బా కిందికి దించమని, స్ట్రిప్పులు బయటికి తీసి, ప్యాకెట్టు మొదలైన తేదీ అడిగి లెక్కపెట్టండి.