వెయ్యి అబద్ధాల పెళ్ళి: 640 యూరోల ఫ్రెంచ్ జంట

రెండు నెలల క్రితం పారిస్‌లో ఒక పాత వస్తువుల కొట్లో మొగుడూ పెళ్ళాల జంట అంటే నమ్మి రెండు మినియేచర్లు కొన్నాను. అరచేతిలో ఇమిడిపోయే కోడిగుడ్డు ఆకారంలో గీసిన మనుషుల బొమ్మలు, రెండూ కలిపి 640 యూరోలు. బొమ్మలకి నాలుగు స్టార్లు, కొట్టుకి రెండు.

ముందు బాగున్నది చెప్తాను. ఇవి కాగితం మీదో గుడ్డ మీదో వేసినవి కావు, పలచగా కోసిన ఏనుగు దంతం రేకు మీద తుమ్మ బంక కలిపిన నీటిరంగులతో వేసినవి. ఆయన మొహం దగ్గర రంగు ఎంత పలచగా ఉందంటే కింద ఉన్న దంతమే చర్మంలా మెరుస్తోంది, భూతద్దం పెట్టి చూస్తే బుగ్గ మీద సన్నటి చుక్కలు, వందలకొద్దీ, ఒక్కొక్కటీ కుంచె మొనతో పెట్టినవి, ఏ రెండూ ఒకలా ఉండవు. (అచ్చు వేసిన నకిలీలైతే చుక్కలు వరసగా, గళ్ళు గీసినట్టు ఉంటాయి. భూతద్దం లేకుండా కొనడానికి వెళ్ళకండి.) సరుకు అసలుదే, అందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా పెళ్ళి దగ్గరే. 1800 నాటి దంపతులు, పెళ్ళైన కొత్తలో ఒకే చిత్రకారుడి చేత వేయించుకున్నారు అన్నాడు కొట్టాయన. పైగా ఆ వేసినవాడు ఇజబే శిష్యుడై ఉండొచ్చట. ఇజబే అంటే నెపోలియన్ దర్బారులో బొమ్మలు వేసినాయన, సంతకం లేని మినియేచర్ కనపడితే చాలు ఆయనతో చుట్టరికం కలిపేస్తారు కాబట్టి ఆ మాట నవ్వి వదిలేశాను. కానీ ఫ్రేములు రెండూ అచ్చం ఒకలాగే, నల్ల చెక్క, లోపల ఇత్తడి అంచు. వాటిని చూసే పడిపోయాను.

ఇంటికొచ్చి గోడకి తగిలించాక మొదలైంది అనుమానం. జంటగా వేయించుకున్న బొమ్మల్లో మామూలుగా ఒకరివైపు ఒకరు తిరిగి ఉంటారు. వీళ్ళిద్దరూ కుడివైపే చూస్తున్నారు. ఎటు మార్చి పెట్టినా ఒకరు చూస్తుంటే ఇంకొకరు మొహం తిప్పుకున్నట్టే ఉంది. సర్లే, పెళ్ళైనవాళ్ళే కదా అనుకున్నాను.

తర్వాత బట్టలు. ఆయనది పౌడరు చల్లిన జుట్టు, గడ్డం దాకా చుట్టిన తెల్ల మెడగుడ్డ, అంటే 1790ల వేషం. ఆవిడవేమో భుజాల దగ్గర బుడగల్లా ఉబ్బిన చేతులు, ఫ్రెంచి వాళ్ళు గొర్రె తొడ చేతులంటారే అవి, జుట్టేమో నడినెత్తిన నిలువుగా ఎత్తి కట్టిన కొప్పు. ఈజిప్టు పాలకుడు ఫ్రాన్స్ రాజు పదో షార్ల్‌కి కానుకగా పంపిన జిరాఫీ 1827లో పారిస్ చేరాక ఊరంతా దాని వెర్రిలో పడి ఆడవాళ్ళు 'జిరాఫీ కొప్పు' పెట్టుకున్న రోజుల్లోది ఆ తల. ఇద్దరూ పాతికేళ్ళ వాళ్ళలా ఉన్నారు, మధ్యలో ముప్ఫై ఏళ్ళ తేడా. ఆవిడ ఆయనకి కోడలు వరస అవ్వాలి!

పాత బొమ్మలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళి ఫ్రేములు విప్పించాను. జంటలో ఆడమనిషి బొమ్మ ఈ ఫ్రేములో పట్టడం కోసం అంచులు కోసేశారు, ఒక చెయ్యి సగం దగ్గరే ఆగిపోయింది. డబ్బు సంగతి కన్నా నాకు అదే ఎక్కువ బాధేసింది. ఇలా ఎక్కడెక్కడివో కలిపి ఒక సెట్టుగా అమ్మడాన్ని ఇక్కడి వ్యాపారంలో 'మరియాజ్' అంటారట, పెళ్ళి అన్న మాటే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మనవాళ్ళు, ఈ కొట్టాయనకి మూడు సరిపోయాయి.

నన్ను ఆదుకున్నది బిల్లు. ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి ప్రభుత్వ డిక్రీ ఒకటుంది, మార్కుస్ డిక్రీ అంటారు. కొన్నవాళ్ళు అడిగితే అది ఏ వస్తువు, దేనితో చేశారు, ఏ కాలానిది అన్నది అమ్మినవాళ్ళు బిల్లు మీద రాసివ్వాలి, రాసిన కాలానికి పూచీ వాళ్ళదే. నా బిల్లు మీద రెండింటికీ 1800 అనే ఉంది. పట్టుకెళ్ళి చూపిస్తే "ఆవిడకి ఫ్యాషన్ ముందే తెలిసిపోయిందేమో" అన్నాడు, సిగ్గు లేకుండా. కాసేపు వాదించాక రెండూ వెనక్కిచ్చి మొత్తం తీసుకుంటారా, ఉంచుకుని 200 తీసుకుంటారా అన్నాడు. 200 తీసుకున్నాను. వెనక్కిస్తే మర్నాడే ఇంకెవరికో జంటగానే అంటగడతాడు.

దంతం గురించి కూడా అడగండి. యూరోపియన్ యూనియన్‌లో 1947 మార్చికి ముందు తయారైన దంతం వస్తువులకే పురాతన వస్తువులన్న లెక్క, దానికి కాగితాలుండాలి. యూనియన్ దాటించాలంటే సైటీస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్లు, అదొక పెద్ద తలనొప్పి. ఇక ఇంట్లో ఎండ తగిలితే బుగ్గల ఎరుపు వెలిసిపోతుంది, హీటర్ దగ్గర పెడితే దంతం వంకర తిరుగుతుంది, చీలుతుంది కూడా.

ఇప్పుడు ఆయన హాల్లో, ఆవిడ పుస్తకాల గదిలో. మా ఇంట్లో ఎండా హీటరూ రెండూ తగలని గోడలు ఆ రెండే.